ప్రీ-కోడ్ హాలీవుడ్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. ముందు మొదటి వాక్యం కొట్టెయ్. 1934కి ముందు హాలీవుడ్ సినిమాకి సెన్సారే లేదన్నావు. ఉంది. సినిమా ఒట్టి వ్యాపారం, దానికి వాక్ స్వాతంత్ర్యం వర్తించదని 1915లోనే అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. న్యూయార్క్, ఒహాయో, కాన్సాస్ లాంటి రాష్ట్రాల్లో ఏ సెన్సారు బోర్డు కత్తెర దానిదే. కోడ్, అంటే తెరమీద ఏం చూపకూడదో చెప్పే హాలీవుడ్ సొంత నియమావళి కూడా 1930 మార్చిలోనే వచ్చింది. అమలే సరిగ్గా లేదు, ఆ కాలాన్నే ప్రీ-కోడ్ అంటున్నాం. 1934 జూలై నుంచి కోడ్ అమలు చూసే జోసెఫ్ బ్రీన్ ఆఫీసు సర్టిఫికెట్ తప్పనిసరి అయింది. అది లేకుండా విడుదల చేస్తే 25,000 డాలర్ల జరిమానా.

అసలు సంగతి ప్రింటు. పాత సినిమాని మళ్లీ విడుదల చేయాలన్నా ఆ సర్టిఫికెట్ కావాల్సిందే, అందుకని చాలావాటిని కోశారు. 1931 'ఫ్రాంకెన్‌స్టైన్'లో రాక్షసుడు చిన్నపిల్లని చెరువులోకి విసురుతాడు. తర్వాతి ప్రింటులో అతను చేతులు చాచగానే సీను తెగిపోతుంది. కాసేపటికి తండ్రి పిల్ల శవంతో వస్తాడు. మధ్యలో ఏం జరిగిందో తెలియక ప్రేక్షకుడు ఇంకా ఘోరమైనది ఊహించుకుంటాడు. కోత వల్ల సీను శుద్ధి కాలేదు, పాడైంది. ఇది నీ వ్యాసంలో తప్పకుండా ఉండాలి.

'బేబీ ఫేస్' (1933)లో కోయడమే కాదు, మాటలూ మార్చారు. మగవాళ్లని వాడుకుని పైకి రమ్మని కథానాయిక లిలీకి చెప్పే చెప్పులు కుట్టే ముసలాయన, మార్చిన ప్రింటులో నీతి బోధిస్తాడు. ఆయన భుజం వెనక నుంచి తీసిన షాటు మీద కొత్త మాటలు డబ్ చేశారు. మొదటి రూపం 2004లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బయటపడింది. అది 76 నిమిషాలు, మార్చింది 71.

నిడివి చూసేటప్పుడు ఒక్క జాగ్రత్త. సెకనుకి 24 ఫ్రేముల సినిమాని యూరప్ డీవీడీల్లో 25తో నడుపుతారు. 76 నిమిషాలది 73కి తగ్గుతుంది. అది కోత కాదు. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు. అప్పటి పత్రికల్లో అడుగులు దొరికితే 90తో భాగించి సరిచూసుకో. 1931, 32 సినిమా టైటిల్స్‌లో సర్టిఫికెట్ నంబరు కనిపించిందా, అది మళ్లీ విడుదల చేసిన ప్రింటు. మధ్యలో పాట లయ తప్పి ఎగిరితే అక్కడ కోత పడి ఉండొచ్చు, ఆపి వెనక్కి వెళ్లి విను.

తిరగరాసి పంపేటప్పుడు ప్రతి సినిమా పక్కన సంవత్సరం, నువ్వు చూసిన ప్రింటు, దాని నిడివి రాయి.

ఆశీస్సులతో,
అన్నయ్య