దుబాయ్‌లో మొదటి సెలవు రోజు: ముందు ఉప్పుటేటి ఒడ్డుకు వెళ్ళండి

పలాస నుంచి ఈ మధ్యనే దుబాయ్ చేరిన ఒక తమ్ముడు, వారానికి ఒక్క రోజే సెలవు దొరుకుతుందనీ, జీతంలో ఎక్కువ భాగం ఇంటికే పంపాలనీ, పెద్దగా ఖర్చు లేకుండా ఈ ఊళ్లో చూడదగిన పాత చోట్లేమిటో చెప్పమనీ అడిగాడు. కళింగపట్నం దగ్గర పుట్టి ఇరవై రెండేళ్లుగా ఇక్కడ ఉంటున్న నేను, కొత్తగా వచ్చిన మనవాళ్ళందరికీ ఉప్పుటేటి ఒడ్డుకే దారి చూపిస్తాను. అద్దాల మేడలు బస్సు కిటికీలోంచి కూడా కనిపిస్తాయి.

ఇక్కడివారు ఖోర్ అని పిలిచే ఈ ఏరు, సముద్రం నుంచి లోపలికి చొచ్చుకువచ్చిన పాయ. ఊరు దీని ఒడ్డునే పుట్టింది. మెట్రో గ్రీన్ లైన్‌లో అల్ గుబైబా స్టేషన్‌లో దిగితే షిందఘా వాడకు నడిచి వెళ్ళవచ్చు. ఇప్పటి పాలకుని తాతగారైన షేక్ సయీద్ నివసించిన, 1896లో కట్టిన ఇల్లు అక్కడే ఉంది. అక్కడి మ్యూజియానికి టిక్కెట్టు కొనాలి గాని, వాడంతా తిరగడానికి పైసా అక్కరలేదు. చమురు దొరకకముందు ఈ ఊరు ముత్యాల మీద బతికింది. ఎండాకాలం నెలల తరబడి పడవల్లోనే ఉండి, ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని మునిగి చిప్పలు తెచ్చేవారు. ఆ ముత్యాలు బొంబాయి బజారుకు చేరేవి. జపాను వారి పెంపకపు ముత్యాలు, 1930ల నాటి ఆర్థిక మాంద్యం కలిసి ఆ వ్యాపారాన్ని కూల్చేశాయి. వేటకు వెళ్ళే ఇళ్లలో పుట్టిన మన తీరం పిల్లలకు ఆ బతుకు ఎంత కష్టమైనదో వేరే చెప్పనక్కరలేదు.

అక్కడి నుంచి ఒడ్డు వెంబడే నడిస్తే అల్ ఫహీదీ వాడ వస్తుంది. ఇరాన్‌లోని బస్తక్ ప్రాంతం నుంచి వచ్చిన వర్తకులు కట్టుకున్న ఇళ్లివి. 1980లలో సగం కూల్చివేయగా, మిగిలినదాన్ని కాపాడుకున్నారు. గోడ పెచ్చు ఊడిన చోట ఆగి చూడండి: లోపల ఉన్నది ఇటుక కాదు, సముద్రం నుంచి తెచ్చిన పగడపు రాయి, తేనెపట్టులా చిల్లులు చిల్లులుగా కనిపిస్తుంది. ఇంటి మీద లేచి ఉన్న బురుజును బర్జీల్ అంటారు. అది నాలుగు వైపులా తెరిచి ఉంటుంది, లోపల మూలల నుంచి మూలలకు అడ్డుగోడలుంటాయి. గాలి ఏ దిక్కున వీచినా ఒక వైపు నుంచి కిందికి దిగుతుంది, గదిలోని వేడి మరో వైపు నుంచి పైకి పోతుంది. దాని కిందికి వెళ్ళి ఒక్క నిమిషం నిలబడితే మెడ మీద చెమట ఆరడం తెలుస్తుంది. పెనుగాలిని తట్టుకోవడానికి మన వాళ్ళు చుట్టిల్లు కట్టారు, చిరుగాలిని ఇంట్లోకి పిలవడానికి వీళ్ళు బర్జీల్ కట్టారు. నాకు ఈ ఊళ్లో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. పక్కనే 1787 నాటి అల్ ఫహీదీ కోట ఉంది. కొన్నేళ్లుగా మరమ్మతుల కోసం మూసి ఉంటోంది కనుక, తెరిచారేమో కనుక్కుని వెళ్ళండి.

తర్వాత అబ్రా అనే చెక్క పడవ ఎక్కి, ఒక్క దిర్హమ్‌తో (ఇక్కడి నాణెం) అవతలి ఒడ్డున ఉన్న డేరా అనే వాడ వైపు దాటండి. వంశధార మీద పడవ దాటినవారికి ఆ కుదుపు కొత్త కాదు. అవతల సుగంధ ద్రవ్యాల బజారు, బంగారం బజారు ఉన్నాయి. చూడడానికి వెళ్ళండి, మొదటి నెలలో కొనడానికి మాత్రం వద్దు. ఈ బజార్లలో 1966 వరకు చెలామణి అయినది మన రూపాయే. 1959 నుంచి గల్ఫ్ దేశాల కోసం మన రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా నోట్లు అచ్చువేసి పంపేది.

మరో సెలవు రోజున జుమేరా మసీదు చూడవచ్చు; ఇతర మతాల వారిని కూడా లోపలికి రానిచ్చి, ఓపికగా వివరిస్తారు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. ఎక్కడైనా సరే, స్థానిక స్త్రీలను ఫోటో తీయవద్దు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పగటి పూట ఈ నడక పెట్టుకోవద్దు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఆరుబయట పని చేయించడాన్ని ప్రభుత్వమే నిషేధించిందంటే ఎండ ఎలాంటిదో ఊహించండి. నవంబరు నుంచి మార్చి వరకు హాయిగా ఉంటుంది.

డేరా నుంచి తిరుగు పడవ పొద్దు గుంకే వేళకు ఎక్కండి. రెండు ఒడ్డుల మసీదుల నుంచీ అజాన్ ఒకదాని వెనుక ఒకటిగా నీటి మీదుగా వినిపిస్తుంది. పడవవాడికి ఇవ్వడానికి దిర్హమ్ బిళ్ళ ఒకటి ముందే జేబులో ఉంచుకోండి.