చిన్నోడికి, ఆపరేషన్‌కు పది రోజుల ముందు

తిరుపతి, బైరాగిపట్టెడ

చిన్నోడా,

నువ్వు రాత్రి రెండింటికి లేచి మిద్దెమీద తిరుగుతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. అడిగితే ఉక్కపోత అన్నావట. అది ఉక్కపోత కాదని నాకు తెలుసు నాయనా. తొమ్మిదేళ్ల కిందట, బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే ఇదే స్లీవ్ ఆపరేషన్‌కు ముందు నేనూ అలాగే తిరిగాను. ఫోన్‌లో చెబితే మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తారు, సగం మాటలు పోతాయి. అందుకే రాస్తున్నా. ఒకటికి రెండుసార్లు చదువుకో.

ముందు ఒక సంగతి. మీ అమ్మకూ నీ భార్యకూ తప్ప ఇంకెవరికీ చెప్పొద్దన్నావట. ఫ్యాక్టరీలో హెర్నియా అని చెప్పి సెలవు పెట్టావట. ఎందుకో నాకు తెలుసు. ‘నోరు కట్టుకోలేక కడుపు కోయించుకున్నాడు’ అంటారని. నేనూ అదే పని చేశాను. అందరికీ గాల్‌బ్లాడర్‌లో రాళ్లు అని చెప్పాను. చివరికి నాకు వండిపెట్టే కోడలికి కూడా అదే చెప్పాను. దానివల్ల ఏమైందో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నా.

ఇంటికొచ్చిన నాలుగో రోజు. డిశ్చార్జ్ కాగితంలో షుగర్ మాత్రల గురించి ఏమీ రాయలేదు, నేనూ అడగలేదు. పాత అలవాటు కొద్దీ పాత డోసే వేసుకున్నాను. రోజంతా కడుపులోకి పోయేది మజ్జిగ తేట, పప్పుకట్టు. మధ్యాహ్నానికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. చూస్తే షుగర్ 58. కోడలు కంగారుపడి దేవుడి గదిలో ఉన్న కొండ లడ్డూ ముక్క తెచ్చి నోట్లో పెట్టింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. గాల్‌బ్లాడర్ తీసిన మనిషి అనుకుంది. మొన్నమొన్ననే కుట్లు వేసిన కడుపు అని దానికెలా తెలుస్తుంది? ఆ ముక్క గొంతు దిగి అక్కడే అడ్డుపడింది. నొప్పి, వాంతులు. ఆ రాత్రే మళ్లీ ఆసుపత్రికి పోయాం. దేవుడి దయవల్ల లోపల ఏమీ చెడలేదు. కానీ దారిలో కారులో కూర్చుని కోడలు ఏడుస్తుంటే, నేను దాచిపెట్టిన మాట ఎంత బరువో అప్పుడు తెలిసింది.

అందుకని ఊరంతా చాటించమనడం లేదు. నీకు ఎవరు వండుతారో, ఎవరు పక్కన కూర్చుని తింటారో, రాత్రి బాగాలేకపోతే ఎవరు బండి తీస్తారో వాళ్లకు చెప్పు. ఫ్యాక్టరీలో నమ్మకమైన ఒక్కరికి చెప్పు. ఒకరికి చెప్పేసరికే నీ భయం సగం దిగుతుంది చూడు. నీకు నిద్ర పట్టకపోవడంలో ఆపరేషన్ భయం ఎంతో, ‘ఎవరికైనా తెలిస్తే’ అనే భయమూ అంతే ఉందని నా అనుమానం.

ఇక ఆపరేషన్ భయం. భయపడొద్దని నేను చెప్పను. ఒంట్లో ఒక భాగం తీసేస్తారంటే భయం వేయకపోతేనే వింత. నాకు అన్నిటికన్నా మత్తు భయం ఎక్కువ. మళ్లీ లేస్తానో లేదో అని. ఆ మాట మత్తు డాక్టరమ్మ దగ్గరే నోరు తెరిచి అడిగేశాను. ఆమె కూర్చుని చెప్పింది. మత్తు ఇచ్చి వెళ్లిపోరు, ఆపరేషన్ అయ్యేదాకా మత్తు డాక్టరు తల దగ్గరే ఉండి ఊపిరి, గుండె, రక్తంలో ఆక్సిజన్ చూస్తూనే ఉంటారు. మనంతట మనం ఊపిరి తీసుకుంటున్నామని తేలాకే గొంతులో గొట్టం తీస్తారు. అనుభవం ఉన్న చోట ఈ ఆపరేషన్‌లో ప్రాణాపాయం గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లో ఉన్నంతే అని కూడా చెప్పింది. నువ్వు కూడా అడుగు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు నీకుంది కాబట్టి నీ మెషీన్ సంగతి తప్పకుండా చెప్పు. ఆసుపత్రికి ఆ మెషీన్, మాస్కు వెంట తీసుకుపో. ఆపరేషన్ అయిన రాత్రి దాని అవసరం మామూలు రోజులకన్నా ఎక్కువ.

రెండింటికి మెలకువ వస్తే మిద్దె ఎక్కకు. ఒక నోట్‌బుక్ దిండు పక్కన పెట్టుకుని, ఆ నిమిషంలో ఏది భయపెడుతోందో దాన్ని ప్రశ్నగా రాయి. ‘కుట్లు ఊడితే?’ అని రాయి. పొద్దున్నే చదివితే కొన్నింటికి జవాబు నీకే తెలుస్తుంది, మిగిలినవి డాక్టరును అడగవచ్చు. నేను 23 ప్రశ్నలు రాసుకుపోయాను. విసుక్కోకుండా అన్నిటికీ చెప్పారు. ఇంకొకటి, మూడు బంతుల ఊపిరి పరికరం ఇచ్చారు కదా, దాన్ని ఇప్పటినుంచే వాడు. నెమ్మదిగా పీల్చి, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదులు. దాంతో ఊపిరితిత్తులు సిద్ధమవుతాయి, గుండె దడ కూడా తగ్గుతుంది. నాకు మందుకన్నా అదే బాగా పనిచేసింది.

మిగిలిన ఈ పది రోజులూ డైట్ మాత్రం గట్టిగా పాటించు. కాలేయం ఎడమ భాగం కడుపు మీద కప్పుకుని ఉంటుంది. మనలా ఒళ్లున్న వాళ్లకు దానికి కొవ్వు పట్టి ఉబ్బి ఉంటుంది. దాన్ని పక్కకు ఎత్తి పట్టుకుంటేగానీ సర్జన్‌కు కడుపు కనబడదు. పిండిపదార్థాలు తగ్గిస్తే రెండు వారాల్లోనే అది చిన్నదై మెత్తబడుతుంది. ‘ఇదే చివరిసారి కదా’ అని ఎవరైనా నాటుకోడి పులుసుకో బిర్యానీకో పిలుస్తారు. పోవద్దు. చివరిసారి కాదు నాయనా. అన్నీ మళ్లీ తింటావు, కొంచెం కొంచెం తింటావు.

ఏం చేస్తారో నీకు చెప్పే ఉంటారు. పొట్ట నిలువునా కోయరు. నాలుగైదు చిన్న రంధ్రాలు పెడతారు. కడుపులో ముప్పావు వంతుకు పైగా తీసేసి, అరటిపండంత గొట్టంలాగా మిగులుస్తారు. ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం దాంతోపాటే పోతుంది. అందుకే మొదటి నెలల్లో ఆకలే తెలియదు. తీసింది తిరిగి రాదు. ఈ మాట నిన్ను భయపెట్టడానికి కాదు, పూర్తిగా మనసొప్పి వెళ్లాలని రాస్తున్నా. ఫ్యాక్టరీలో కాయల సీజన్ అయ్యాక, సీజన్ అయ్యాక అని రెండేళ్లు వాయిదా వేశావు. ఆ రెండేళ్లలో నీ షుగర్ ఇన్సులిన్ దాకా వచ్చింది. ఆ లెక్క కూడా నోట్‌బుక్‌లో రాసుకో.

మెలకువ వచ్చాక నోరు పిడచకట్టుకుపోతుంది, వాంతి వచ్చేలా ఉంటుంది. భుజంలో నొప్పి వస్తుంది. పొట్టకు చేస్తే భుజమేంటని నేను హడలిపోయాను. లోపల చూడటానికి పొట్టలోకి గ్యాస్ నింపుతారు, అది కాస్త మిగిలి అలా నొప్పి పెడుతుంది. నడిస్తే తగ్గుతుంది. ఆ రోజే, కొన్ని గంటల్లోనే లేపి నడిపిస్తారు. వద్దనకు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే నడకే ముఖ్యం. ఆసుపత్రి ఉన్న చెన్నై నుంచి మీ చిత్తూరుకు మూడు నాలుగు గంటల దారి. గంటకోసారి కారు ఆపించి ఐదు నిమిషాలు నడువు. పొట్టకూ సీటు బెల్టుకూ మధ్య చిన్న దిండు పెట్టుకో.

డిశ్చార్జ్ అయ్యే ముందు షుగర్ మందులు, ఇన్సులిన్, బీపీ మాత్ర ఏ డోసులో వాడాలో కాగితం మీద రాయించుకోకుండా ఆసుపత్రి గడప దాటొద్దు. ఇది నా ఆజ్ఞ అనుకో. షుగర్ పడిపోతే ఏం చేయాలో కూడా నీ భార్యను పక్కన పెట్టుకునే అడుగు.

ఇంటికొచ్చాక కొన్ని గుర్తులు ఫ్రిజ్ మీద రాసి అంటించండి. కూర్చున్నా నాడి 120 దాటి కొట్టుకోవడం, జ్వరం, పొట్టనొప్పి తగ్గకుండా పెరగడం, ఆయాసం, ఒక పిక్క వాచి నొప్పి పెట్టడం, మంచినీళ్లు కూడా నిలవకపోవడం. వీటిలో ఏ ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగొద్దు, ‘గ్యాస్ అయ్యుంటుంది’ అని సరిపెట్టుకోవద్దు. ఆపరేషన్ చేసిన వాళ్లకు వెంటనే ఫోన్ చేయండి. దగ్గర్లోని ఆసుపత్రికి పోవాల్సివస్తే స్లీవ్ అయిందన్నది మొదటి మాటగా చెప్పండి. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో అడిగి మాత్ర తెచ్చుకోవడం మానుకో. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కడుపులో పుండ్లు చేస్తాయి. మోకాళ్లకు ఏళ్ల తరబడి అవే మింగినదాన్ని, మానడం నాకు కష్టమైంది.

తిండి గురించి ఎక్కువ రాస్తా, ఎందుకంటే మన ఇళ్లలో కష్టమంతా అక్కడే. మొదటి రెండు వారాలు ద్రవాలే. తర్వాత పలచగా మెదిపినవి, ఆ తర్వాత మెత్తటివి. మామూలు తిండికి వచ్చేసరికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. తేదీలు మీ డైటీషియన్ చెప్పినవే పాటించు, నావి కాదు. రోజుకు లీటరున్నర నీళ్లు పోవాలి, కానీ ఒక్కసారి గుక్కెడే. గ్లాసు ఎత్తితే నాకు ఆగేది కాదు. చివరికి నా మనవడి ఉగ్గుగిన్నె తీసుకున్నాను. దాంతో తాగితే తొందరపడాలన్నా కుదరదు. నెలరోజులు అన్నీ దాంతోనే. తినేటప్పుడు నీళ్లు తాగొద్దు, తిన్నాక అరగంట ఆగు.

ప్రోటీన్ రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే, కాబట్టి మొదట్లో పొడి తప్పదు. తర్వాత గుడ్డు, పెరుగు, పప్పు, మెత్తగా ఉడికిన చేప. కంచంలో ముందు అవి తిని, చోటుంటేనే అన్నం.

సంగటి సంగతి విడిగా చెప్పాలి. మనం సంగటిని నమలం. ముద్ద చేసి, ఊరుబిండిలోనో పులుసులోనో అద్ది, మింగేస్తాం. చిన్నప్పుడు నమిలితే మా అవ్వ నవ్వేది. ఇప్పుడు నీ కడుపు ఆ ముద్దను తీసుకోలేదు. డాక్టరు మామూలు తిండికి ఒప్పుకునేదాకా సంగటి జోలికి పోకు. ఒప్పుకున్నాక కూడా గోలీకాయంత తీసుకుని, నోట్లో కరిగేదాకా నమిలి తిను. నాకు రెండో నెలలో ఒకరోజు సంగటి వాసనకు ఏడుపొచ్చింది. ఆకలి లేదు, అయినా ఏడుపు. సాయంత్రం పూట ఏదో పోగొట్టుకున్నట్టుండేది. మనసు బాగాలేనప్పుడు మనకు తిండే తోడు, ఆ తోడు ఒక్కసారిగా పోతుంది. అది పిచ్చి కాదు, ఈ ఆపరేషన్ అయిన చాలామందికి వస్తుంది. ఆ వేళకు నాకు ఫోన్ చెయ్యి. వారాల తరబడి వదలకపోతే ఆసుపత్రి కౌన్సెలర్‌తో మాట్లాడు, సిగ్గుపడొద్దు.

పెళ్లిళ్లలో ‘ఇంకో ఓళిగ వేసుకో, ఇంత మనిషివి ఇంతేనా’ అని వడ్డిస్తారు. ‘కడుపు ఆపరేషన్ అయింది, ఇంతే పడుతుంది’ అని ఒకసారి చెప్పేస్తే సరిపోతుంది. మొదటిసారి ఆ మాట అనడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. అన్నాక పక్కనున్న ఆవిడ వడ్డించడం ఆపి, ‘మా అమ్మాయికీ చేయించాలంటున్నారు, ఎక్కడ చేయించుకున్నావు’ అని అడిగింది.

మూడో వారంలో చాలామందికి బరువు తగ్గడం ఆగిపోతుంది. ముల్లు కదలడం లేదని డైట్ మార్చకు, అదే మళ్లీ కదులుతుంది. మూడో నెల దాటాక చాలామందికి జుట్టు రాలుతుంది. ప్రోటీన్, ఐరన్ సరిగా పడితే మళ్లీ వస్తుంది. నేను ఆ రోజుల్లో కొండకు పోయి తలనీలాలు ఇచ్చి వచ్చాను, మొక్కు ఎలాగూ ఉండేది. విటమిన్ మాత్రలు మాత్రం జీవితాంతం. బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ పరీక్షలు డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించుకో. బాగున్నాను కదా అని రెండేళ్లకు మానేసినవాళ్లకు రక్తం తగ్గి, కాళ్లు తిమ్మిర్లెక్కి బాధపడటం చూశాను.

బరువులు ఎత్తడం నెలన్నర దాకా వద్దు. ఫ్యాక్టరీలో కాయల క్రేట్ల దగ్గరికి అసలే పోకు. నడక మాత్రం మొదటి రోజు నుంచే. నేను ప్రకాశం పార్కులో ఒక్క చుట్టుతో మొదలుపెట్టాను. అలిపిరి మెట్లు 3550. ఆపరేషన్‌కు ముందు గాలిగోపురం కూడా చేరకుండానే రెండుసార్లు వెనక్కి దిగాను. ఏడాది తర్వాత డాక్టరును అడిగి, ఆగి ఆగి, ఆరు గంటల్లో పైకి చేరాను. నువ్వు రమ్మంటే నీతో మళ్లీ ఎక్కుతా, తొందరేమీ లేదు.

నువ్వు డిశ్చార్జ్ అయ్యే రోజుకు నేను చిత్తూరు వచ్చి పది రోజులుంటా. నీ భార్యకు కాస్త ఊపిరాడుతుంది. నీ చిన్నప్పటి ఉగ్గుగిన్నె మీ అమ్మ దగ్గర ఇత్తడి బిందెలో ఉండాలి. తీసి చింతపండుతో తోమి, మరిగే నీళ్లలో వేసి కడిగి పెట్టమని చెప్పు.

మీ పెద్దమ్మ