స్లాబు పడకముందే వెళ్లండి

ప్రశ్న: మా పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు. ప్లానులో చూపించినంత ఖాళీ మా వైపు వదలడం లేదు. ఫిర్యాదు చేస్తే ఫలితం ఉంటుందా? ఇలాంటి కట్టడాల మీద మున్సిపాలిటీలు గట్టిగా ఉండాలంటే ఏం మారాలి?

ఫలితం ఉంటుంది, స్లాబు పడకముందు వెళితే. పడ్డాక మీరు వెళ్లినా ఒకటే, ఇంట్లో పడుకున్నా ఒకటే. నేను పడ్డాక వెళ్లినవాణ్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా.

మాది తిరుపతి. మా నాయన 1994లో 30 అంకణాల స్థలం కొని ఇల్లు కట్టాడు. బయటివాళ్లకు చెప్పాలంటే మా దగ్గర అంకణం 36 చదరపు అడుగులు. నెల్లూరులో 72. ఈ లెక్క తెలియక అక్కడినుంచి వచ్చి ఇక్కడ స్థలం బేరమాడి నాలుక కరుచుకున్నవాళ్లున్నారు, అది వేరే కథ. మాకు తూర్పున ఖాళీ స్థలం ఉండేది. ఇరవై ఏళ్లకు పైగా కంపచెట్లు, అప్పుడప్పుడూ పాములు తప్ప అందులో ఏమీ లేవు. వంటింటి కిటికీలు రెండూ అటే. పొద్దున ఆరున్నరకు ఎండ నేరుగా పొయ్యి గట్టు మీద పడేది. మా అమ్మ ఆ వెలుగులోనే బియ్యం ఏరేది, లైటు వేసేది కాదు.

ఆ స్థలం చేతులు మారింది. కొత్తాయన మంచివాడే. భూమిపూజకు ఇంటికొచ్చి పిలిచాడు. వెళ్లాను, పొంగలి తిన్నాను. వారం తర్వాత పిల్లర్ గుంతలు తీస్తుంటే చూశాను, మా ప్రహరీకి జానెడు దూరంలో గుంత. "ఏమన్నా, ఇంత దగ్గరగా తీస్తున్నారే?" అన్నాను. "గుంతే గదన్నా పెద్దది, గోడ లోపలికే వస్తుంది" అన్నాడు. నాకూ అది సబబుగానే అనిపించింది. మా ఆవిడ మాత్రం "టేపు పట్టుకుని ఇప్పుడే కొలవండి, తర్వాత అడిగితే ఎవరూ పలకరు" అంది. కొత్తగా వచ్చిన మనిషితో మొదటి నెలే తగువెందుకని ఊరుకున్నా. ఆ మాట ఇప్పటికీ నెలకోసారైనా మా ఇంట్లో వినపడుతుంది.

గోడ లోపలికి రాలేదు. గుంత ఎక్కడుందో పిల్లరూ అక్కడే లేచింది, గోడా అక్కడే లేచింది. ఒక ఆదివారం పొద్దున్నే కాంక్రీటు కలిపే మిల్లర్ వచ్చింది, సాయంత్రానికి స్లాబు పడిపోయింది. ఆదివారమే ఎందుకని అడక్కండి. ఆఫీసులకు సెలవు.

సోమవారం ఫిర్యాదు కాగితం పట్టుకుని వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను. మా ఊరు పెరిగిన తీరు ఎలాంటిదంటే ఒక వీధి కార్పొరేషన్‌లో ఉంటుంది, దాన్ని దాటితే పంచాయతీ, మధ్యలో తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ. ఎవరిని అనుకున్నా ఇంకొకరు నొచ్చుకుంటారు. అక్కడ కూర్చున్నాయన ఫోటోలు చూసి అడిగిన మొదటి ప్రశ్న: "ఇంతదాకా ఏం చేస్తున్నారు సార్?" కోపం వచ్చింది కానీ జవాబు లేదు.

నోటీసు ఇచ్చారు. తెచ్చి కింది పిల్లర్‌కు అంటించారు. మరుసటి రోజు చూస్తే మేస్త్రీ ఆ పిల్లర్‌కే మేకు కొట్టి క్యారియర్ సంచి తగిలించాడు, సరిగ్గా నోటీసు మీద. రెండో స్లాబు పడింది. అనుమతి ఉన్నది స్టిల్ట్, అంటే కింద పిల్లర్ల మధ్య వదిలే పార్కింగ్, దాని మీద రెండు అంతస్తులకే. మూడో అంతస్తుకు సెంట్రింగ్ కొట్టినప్పుడు మళ్లీ వెళ్లాను. ఆ స్లాబూ పడింది. అప్పుడొచ్చారు, కూల్చడానికి.

పొద్దున పదకొండింటికి ట్రాక్టరు, నలుగురు మనుషులు, గడ్డపారలు, ఒక డ్రిల్లింగ్ మిషన్. వీధి వీధంతా బయటికొచ్చింది. నేను మాత్రం మా కిటికీలోంచి చూశాను, బయట నిలబడితే ఫిర్యాదు చేసింది నేనేనని తెలుస్తుందని. అప్పటికే అందరికీ తెలుసు. పక్కింటాయన గొడవ పడలేదు, ఏడవలేదు. ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. పైకెక్కి ఆ మూడో అంతస్తు స్లాబు మధ్యలో డ్రిల్లింగ్ పెట్టారు. గంట పని. మా ఇంటి దోసె పెనం ఎంతుంటుందో అంత బొక్క. కమ్మీలు తెగలేదు, వాటి చుట్టూ కాంక్రీటు మాత్రం రాలింది. ఒకాయన ఫోన్ తీసి మూడు వైపుల నుంచి ఫోటోలు తీశాడు. "ఆకాశం కాదప్పా, కమ్మీ కనపడేట్టు తీయ్" అని ఇంకొకాయన చెప్పడం నాకు స్పష్టంగా వినపడింది. ఒంటిగంటకల్లా అందరూ దిగి వెళ్లిపోయారు.

మూడో రోజు మేస్త్రీ కింద పలక బిగించి బొక్కలో సిమెంటు పోశాడు. నెల తిరిగేసరికి పైన టైల్స్. కాగితాల్లో ఆ ఇల్లు పాక్షికంగా కూల్చినదే. దాని మీద ఇంకో అంతస్తు, ఒక పెంట్‌హౌస్ కూడా ఉన్నాయి.

ఈ కథ చెబితే అందరూ లంచం అంటారు. ఉండొచ్చు, నేను చూడలేదు. నా లెక్కలో అసలు కారణం అది కాదు. స్లాబు పడ్డాక కూల్చడం ఎవరి వల్లా కాదు. నాలుగు గదులు లేచిన ఇంటి మీదికి మిషన్ తెస్తే, నిన్నటిదాకా "అన్యాయం" అన్న వీధే "పాపం, అప్పు చేసి కట్టుకున్నాడు" అంటుంది. ఓనరు కోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంటాడు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా 15 రోజుల ముందస్తు నోటీసు లేకుండా కూల్చొద్దని చెప్పింది, అది న్యాయమే. చట్టంలో లోటేమీ లేదు. కార్పొరేషన్ల చట్టంలో 452వ సెక్షన్ కింద నోటీసు ఉంది, వినకపోతే 636 కింద తొలగించే అధికారం ఉంది, సీలు వేసే అధికారమూ ఉంది. ఇవన్నీ ఇల్లు లేచాక అందుకునే ఆయుధాలైపోయాయి. పునాది గుంతల దగ్గర ఒక మనిషి టేపుతో నిలబడితే పది నిమిషాల పని. గుంతను మీటరు జరపడానికి కూలి ఎంతవుతుంది? స్లాబు పగలగొట్టడానికి ఎంతవుతుంది?

ఆ మనిషి లేడా అంటే ఉన్నాడు. 2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు మొదలైనప్పటి నుంచి వార్డు ప్లానింగ్ సెక్రటరీ అని ఒక ఉద్యోగం ఉంది. మన వీధిలో ఎవరు ఏం కడుతున్నారో చూడటమే ఆ ఉద్యోగం. మాకొచ్చిన అబ్బాయి బుద్ధిమంతుడు, సివిల్ ఇంజనీరింగ్ చదివాడు. ఎప్పుడు ఫోన్ చేసినా "సర్వేలో ఉన్నా సార్" అనేవాడు. ఏ సర్వే అని అడగడం నేను మానేశా. టేపు పట్టుకోవాల్సిన చేతికి ట్యాబ్ ఇచ్చి ఇంటింటికీ తిప్పితే పిల్లర్లు ఎవరు చూస్తారు?

దీనికి తోడు బీపీఎస్. ప్లాను లేకుండానో, ప్లాను దాటో కట్టినవాటికి డబ్బు కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం. 2007లో తెచ్చారు, 2015లో తెచ్చారు, 2019లో తెచ్చారు. ప్రతిసారీ మొదటి తేదీ 1985 జనవరి 1. చివరి తేదీ మాత్రం ముందుకు జరుగుతూ ఉంటుంది. 2015లో తెచ్చినప్పుడు 2014 డిసెంబరు 31 దాకా అన్నారు, 2019లో 2018 ఆగస్టు 31 దాకా అన్నారు. దీన్నిబట్టి కట్టుకునేవాడికి ఏం అర్థమవుతుంది? తొందరగా కట్టెయ్, తర్వాత వచ్చే బండి ఎక్కొచ్చని. మా పక్కింటాయన నాతోనే అన్నాడు, "ఇంకోసారి వస్తుంది లెండన్నా, అప్పుడు డబ్బు కట్టేస్తా" అని. సెటిల్మెంట్ వడ్డీ గురించి మాట్లాడినట్టు.

మా వీధిలో ప్లాను ప్రకారం కట్టిన ఇల్లు ఒక్కటి చూపించండి, గుండు కొట్టించుకుంటా. మా ఊళ్లో అదేమంత కష్టం కాదనుకోండి. ఆ లెక్కలో మా ఇల్లూ ఉంది, దాచను. మా నాయన కట్టిన మూడు మెట్లు కాలువ మీద ఉన్నాయి. నా ఫిర్యాదు సంగతి తెలిశాక పక్కింటాయన ఒక్కటే అడిగాడు: "మీ మెట్లు ఎక్కడున్నాయన్నా?" 2021 నవంబరు వానలకు మా వీధిలో నీళ్లు మోకాళ్లు దాటితే అందరం కలిసి ప్రభుత్వాన్ని తిట్టాం. వాన తగ్గాక చూస్తే కాలువ మీద వరసగా ర్యాంపులు, మెట్లు, ఒక బజ్జీల బండి. కాలువ ఎక్కడుందో పారతో తవ్వి వెతికారు. నేను ఆ తర్వాత మెట్లు కొట్టించేసి ఇనుప జాలీ పెట్టించాను. మిగతావాళ్లు పెట్టించలేదు. కొర్లగుంట, తాతయ్యగుంట అని పేర్లు పెట్టుకుని అక్కడికి నీళ్లెందుకు వస్తాయని అడిగే ఊరు మాది.

ఇంకో బాధ కూడా చెప్పేస్తా. ఈ అదనపు అంతస్తుల్లో కాపురాలు ఉండేది తక్కువ. ఒకటి హాస్టల్ అవుతుంది, ఒకటి యాత్రికులకు రోజువారీ గది అవుతుంది. స్టిల్ట్ పార్కింగ్‌లో టిఫిన్ సెంటరు, బండ్లన్నీ రోడ్డు మీద. రాత్రి రెండింటికి కొండ దిగివచ్చినవాళ్లు "గోవిందా" అంటూ మా గేటు తడతారు, రూమ్ ఇదే అనుకుని. పుణ్యమే అనుకుని ఊరుకుంటా. ఇంటి ప్లానుతో లాడ్జి నడిపితే మంటలార్పే బండి ఆ సందులోకి ఎలా వస్తుందని ఆలోచిస్తేనే టెన్షన్.

ఏం మారాలి అన్నారు కాబట్టి, నన్నడిగితే రెండే. ఒకటి, పునాది దగ్గర కొలిచిన అధికారి సంతకం లేనిదే స్లాబు పడకూడదు. రెండోది కరెంటు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ప్లాను ప్రకారమే కట్టారని ఇచ్చే కాగితం, చూశాకే కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా అది చూసే లోన్లు ఇవ్వాలని స్పష్టంగా ఉంది. కట్టేచోట ప్లాను కనపడేట్టు పెట్టాలని కూడా ఉంది. మీటరు రాదని తెలిస్తే ఏ మేస్త్రీ అయినా గోడ లోపలికి జరుపుతాడు. గడ్డపార కంటే ఫ్యూజు గట్టిది. ఇది ఎక్కడికక్కడ అమలైతే బీపీఎస్ అవసరమే ఉండదని నా నమ్మకం. మా పక్కింటి మీటర్లు మాత్రం గృహప్రవేశానికి ముందే తిరిగాయి.

మీరు చేయాల్సింది చెబుతా. మాటల ఫిర్యాదు వద్దు. మీ గోడ నుంచి వాళ్ల గుంతకు టేపు పెట్టి, అంకె కనపడేట్టు, ఆ రోజు పేపరు పక్కన పెట్టి ఫోటో తీయండి. సచివాలయంలో ఇచ్చి రసీదు అడగండి. అక్కడ కదలకపోతే సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇవ్వండి, నంబరు వస్తుంది. వాళ్ల ప్లాను కాపీకి పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు కానీ 30 రోజులు పడుతుంది. ఆలోపు రెండు స్లాబులు పడతాయి. కాబట్టి అది పెట్టి, దాని కోసం ఎదురుచూడకుండా మిగతావి చేయండి. పక్కాయనతో ముందు ఒకసారి మాట్లాడండి, టేపు చేతిలో పెట్టుకుని.

మా వంటింట్లో ఇప్పుడు పగలు కూడా లైటే. పక్కింట్లో ఆ బొక్క పూడ్చిన చోట పై అంతస్తు వాళ్లు నేల కడిగితే కారుతుంది, మూడో అంతస్తు వాళ్లు కింద బకెట్ పెట్టుకుంటారు. మొన్న ఆయనే వచ్చి "మంచి వాటర్‌ప్రూఫింగ్ వాళ్లుంటే చెప్పన్నా" అన్నాడు. నంబరు ఇచ్చాను.

ఇంతకీ మీ పక్కన పిల్లర్లు లేచాయా, ఇంకా గుంతల్లోనే ఉన్నాయా? గుంతల్లో ఉంటే ఇది మళ్లీ చదవక్కర్లేదు, టేపు తీసుకుని ఇవాళే వెళ్లండి. రేపు ఆదివారం.