12345679లో ఎనిమిది ఎక్కడికి పోయింది?

12345679 ప్రధాన సంఖ్యేనా, వరుసలో 8 ఎందుకు లేదు అని అడిగారు. ప్రధాన సంఖ్య కాదు. 37తో భాగిస్తే 333667 వస్తుంది, ఆ రెండు మాత్రం ప్రధాన సంఖ్యలే. ఎనిమిది సంగతి మాత్రం నాకు మా కిరాణా కొట్టులో తెలిసింది.

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ. గోదావరి అవతల ఉన్న కాళేశ్వరానికి పడవలో దాటే రోజులవి. వేసవి సెలవుల్లో నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టేవారు. కొత్తగా కొన్న క్యాలిక్యులేటర్ అంటే తాతకు గిట్టదు.

"నీకు ఏ అంకె అంటే పడదురా?" అన్నాడు ఒక రోజు.

"ఏడు" అన్నాను. ఏడో ఎక్కం తప్పి బడిలో తిన్న దెబ్బలు అలాంటివి.

"అయితే 12345679ని 63తో గుణించు."

మీటలు నొక్కితే 7.7777777 అని వచ్చి, పక్కన తప్పు గుర్తు పడింది. ఎనిమిది అంకెలకు మించితే దానికి చోటు లేదు. తాత నవ్వి, బెల్లం కట్టే కాగితం ముందుకు తోశాడు. చేత్తో గుణిస్తే తొమ్మిది ఏడులు వరుసగా దిగాయి. కిటుకల్లా ఒకటే: ఆ సంఖ్యను 9తో గుణిస్తే 111111111. అరవై మూడంటే ఏడు తొమ్మిదులు.

"మరి ఎనిమిది ఏది?" అన్నాను. కాగితం తిప్పి, తొమ్మిది ఒకట్లు రాసి 9తో భాగించమన్నాడు. 11లో ఒకసారి, శేషం 2. పక్క ఒకటి దింపితే 21, రెండుసార్లు, శేషం 3. తర్వాత 31, 41, 51. శేషం మెట్టుమెట్టుకూ పెరుగుతోంది. 71లో ఏడుసార్లు, శేషం 8. చివరి ఒకటి దింపితే 81. ఊపులో 8 వేసేశాను.

"ఇంకో తొమ్మిది మిగిలింది కదరా, అది ఎవరి ఖాతాలో రాస్తావు?" అన్నాడు.

81లో తొమ్మిది సరిగ్గా తొమ్మిదిసార్లు పోతుంది. ఎనిమిది ఎక్కడికీ పోలేదు, తొమ్మిదిగా మారింది. 1ని 81తో భాగించినా ఈ అంకెలే, 0.012345679012345679 అంటూ అంతం లేకుండా తిరుగుతాయి.

దీన్ని వేద రహస్యమని, అదృష్ట సంఖ్య అని ఫోన్లలో పంపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మనం పదుల్లో లెక్కపెడతాం, తొమ్మిది పదికి ఒకటి తక్కువ. అందులో రహస్యమేముంది? ఒక్కసారి భాగహారం చేసి చూడరు!

పైన 37 మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మా చదువంతా మరాఠీలో. ఇంట్లో ముప్పై ఏడు, బడిలో సదతీస్, అంటే ఏడు ముందు, ముప్పై వెనక. 2019లో రెండో తరగతి లెక్కల పుస్తకంలో ఏకవీస్‌ను (21) వీస్ ఏక్, అంటే ఇరవై ముందు, ఒకటి వెనక, అని కూడా నేర్పబోతే మహారాష్ట్రలో పెద్ద గొడవ జరిగింది. మాకు మాత్రం నవ్వొచ్చింది. ఇరవై ఒకటి అని మా అవ్వలు ఎప్పటినుంచో అంటున్నదే కదా! తెలుగులో ఎక్కాలు వచ్చినవాడికి లెక్కలు తొందరగా పట్టుబడతాయని నా గట్టి నమ్మకం, ఎవరు కాదన్నా సరే. ఇప్పటికీ గిరాకీతో మరాఠీలో మాట్లాడుతూనే, నోట్లు మాత్రం తెలుగులో లెక్కపెడతాను.