టెక్ సందేహాలు: రసీదులు తిరిగి రాకముందే గది పడగొడితే

ప్రశ్న: ప్రాజెక్టు కోసం క్యూఈఎంయూ (కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే ప్రోగ్రాం) లోని ఒక వర్చువల్ పీసీఐ పరికరానికి లినక్స్ డ్రైవర్ రాశాను. టెస్ట్ ప్రోగ్రాం నడుస్తుండగానే డ్రైవర్‌ను అన్‌బైండ్ చేస్తే (పరికరం నుంచి విడదీస్తే) ఏ గొడవా లేదు. ఆ తర్వాత ప్రోగ్రాం మూసినప్పుడు ఒక్కోసారి కెర్నల్ కుప్పకూలుతోంది, ఒక్కోసారి ఏమీ కాదు. తీసుకున్న మెమరీని ఒక్కసారే ఫ్రీ చేస్తున్నాను (తిరిగి వదిలేస్తున్నాను). తప్పెక్కడ?
– ఎంటెక్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఎన్నిసార్లు ఫ్రీ చేశారని కాదు, ఎప్పుడు చేశారో చూడండి. మీ ఊళ్లో కోల్డ్ స్టోరేజీలు తెలిసినవే కదా. రైతు మిర్చి టిక్కీలు పెట్టి రసీదు పట్టుకెళతాడు. యజమాని వ్యాపారం మానేయాలనుకుంటే బోర్డు పీకేయొచ్చు, కొత్త సరుకు వద్దనొచ్చు. ఆఖరి రసీదు తిరిగొచ్చేదాకా గదిని మాత్రం ముట్టుకోకూడదు. అన్‌బైండ్ అప్పుడు నడిచే మీ రిమూవ్ ఫంక్షన్ బోర్డుతో పాటు గదినీ, అంటే మెమరీనీ, పడగొట్టేసింది. తెరిచి ఉన్న ఫైలు చేతిలో రసీదు అలాగే ఉండిపోయింది. ప్రోగ్రాం మూసుకుంటూ ఆ రసీదు పట్టుకుని వెళ్లేసరికి అక్కడ ఇంకెవరిదో సరుకు. ఆ చోటు ఎవరికీ ఇవ్వకముందే వెళితే పాత సరుకే కనబడుతుంది, అందుకే ఒక్కోసారి ఏమీ కాదు. యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అనేది దీన్నే.

వాడకంలో ఉన్న మాడ్యూల్‌ను (కెర్నల్‌లోకి ఎక్కించిన డ్రైవర్ కోడ్) ఆర్‌ఎంమాడ్ కమాండ్ తీయనివ్వదు కదా అంటారేమో. నిజమే, కానీ ఆ వాడకం లెక్క కాపాడేది మాడ్యూల్ కోడ్‌ను మాత్రమే. సిస్ఎఫ్ఎస్ (కెర్నల్ అమరికలు ఫైళ్లలా కనబడే చోటు) నుంచి అన్‌బైండ్ చేస్తే ఆ లెక్కను ఎవరూ అడగరు. డెవ్ఎం రకం అలకేషన్లు (పరికరంతో ముడిపెట్టి తీసుకునే మెమరీ) ఇంకా పెద్ద ఉచ్చు. రిమూవ్ ముగియగానే కెర్నలే వాటిని వదిలేస్తుంది, ఫైలు తెరిచి ఉందో లేదో చూడదు. అందుకని ఫైలు ముట్టుకునే స్ట్రక్చర్‌ను మామూలు కేజడ్‌అలాక్‌తో (ఇది ఇచ్చిన మెమరీని మనమే వదలాలి) తీసుకుని కేరెఫ్ (ఎందరు వాడుతున్నారో లెక్కపెట్టే కౌంటర్) పెట్టండి. ఓపెన్‌లో ఒకటి పెంచండి, రిలీజ్‌లో ఒకటి తగ్గించండి. డ్రైవర్ తన వంతును రిమూవ్ చివర్లో వదులుకోవాలి. లెక్కను సున్నాకు తెచ్చింది ఎవరైతే వాళ్లే ఫ్రీ చేస్తారు.

అలాగని ఇంటరప్ట్‌లు (పరికరం ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలు), డీఎంఏ బఫర్లు (పరికరం నేరుగా చదివే, రాసే మెమరీ), పీసీఐ రీజియన్లు (పరికరానికి కేటాయించిన అడ్రసులు) ఆఖరి రసీదు దాకా ఆగవు. అవి రిమూవ్‌లోనే తిరిగిచ్చేయాలి. ఇక్కడ వరసే అసలు సంగతి. కాలువలో పూడిక తీసేవాళ్లు ముందు హెడ్ స్లూయిస్ దింపుతారు, నీళ్లు తీశాక గానీ పార పట్టరు. మీరూ ముందు డివైజ్ నోడ్ (పరికరం కోసం ప్రోగ్రాంలు తెరిచే ఫైలు) తీసేయండి, కొత్త ఓపెన్లు ఆగుతాయి. లాక్ పట్టుకుని ‘పరికరం పోయింది’ అనే గుర్తు పెట్టండి. పాత ఫైళ్ల రీడ్, రైట్‌లు అదే లాక్ కింద ఆ గుర్తు చూసి ఈనోడెవ్ (‘పరికరం లేదు’ అనే ఎర్రర్) ఇచ్చి వెనక్కి వెళ్లాలి. ఎంమ్యాప్ (ప్రోగ్రాం మెమరీని నేరుగా చూసే వీలు) ఇచ్చి ఉంటే ఆ మ్యాపింగులూ తెంపండి. తర్వాత పరికరం ఇంటరప్ట్‌లు, డీఎంఏ ఆపి, బస్ మాస్టరింగ్ (పరికరం తానే మెమరీని అందుకునే అనుమతి) తీసేయండి. ఆ పైన ఇంటరప్ట్‌ను వదిలే ఫ్రీ ఐఆర్‌క్యూ. ఇంకో సీపీయూ మీద హ్యాండ్లర్ (ఇంటరప్ట్ వస్తే నడిచే మీ కోడ్) నడుస్తుంటే అది ముగిసేదాకా ఇది ఆగుతుంది. దాని తర్వాతే, క్యూలో ఉన్న పనిని రద్దు చేసే క్యాన్సిల్ వర్క్ సింక్. ఈ రెండూ తారుమారైతే మీరు రద్దు చేసిన పనిని ఇంటరప్ట్ వచ్చి మళ్లీ క్యూలో నిలబెడుతుంది. (నేనూ ఈ గుంటలో పడి లేచినవాణ్నే.) మిగతావి తీసుకున్న క్రమానికి ఎదురుగా వదలండి. డీఎంఏ ఆగకముందే బఫర్ వదిలితే, ఐఓఎంఎంయూ (పరికరాలు ఏ మెమరీని ముట్టుకోవచ్చో కాపలా కాసే హార్డ్‌వేర్) అడ్డులేని చోట పరికరం ఇంకొకరి పేజీల్లో రాసేస్తుంది. అప్పుడు మీరు వెతికేది ఒకచోట, తప్పు ఉండేది మరోచోట.

ఇంత సవరించాక కాసాన్ (మెమరీ వాడకంలో తప్పులు పట్టే సాధనం) ఆన్ చేసిన కెర్నల్ మీద అదే పరీక్ష మళ్లీ చేయండి. 2015లో లినక్స్ 4.0తో వచ్చిన సదుపాయం ఇది. మెమరీ ఎవరు తీసుకున్నారు, ఎవరు వదిలారు, ఆ తర్వాత ఎవరు ముట్టుకున్నారు, మూడూ చెబుతుంది.

ప్రశ్న: ఆఫీసు సర్వర్లో నెట్‌వర్క్ కార్డు వర్చువల్ ఫంక్షన్‌ను (ఒకే కార్డు విడి కార్డుల్లా చూపే భాగాల్లో ఒకటి) వీఎఫ్ఐఓ (పరికరాన్ని నేరుగా అప్పగించే కెర్నల్ సదుపాయం) ద్వారా ఒక వర్చువల్ మెషిన్‌కు ఇచ్చాం. హోస్ట్‌లో (అసలు సర్వర్లో) అన్‌బైండ్ కొడితే ఆ కమాండ్ తిరిగి రావడం లేదు. రీబూట్ చేయాలా?
– సిస్టమ్ అడ్మిన్, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: వద్దు. 2012లో లినక్స్ 3.6తో వచ్చిన వీఎఫ్ఐఓ పైన చెప్పిన నియమాన్నే పాటిస్తోంది. గెస్ట్, అంటే ఆ వర్చువల్ మెషిన్, పరికరాన్ని వదిలేదాకా ఆగుతుంది. కంట్రోల్ సీ కొట్టినా కదలదు, పరికరం ఇంకా వాడకంలో ఉందని లాగ్‌లో రాస్తుంది, అంతే. వర్చువల్ మెషిన్‌ను షట్‌డౌన్ చేయండి, కమాండ్ దానంతటదే తిరిగొస్తుంది. ఇంకోటి: వర్చువల్ ఫంక్షన్ల సంఖ్యను 4 నుంచి నేరుగా 8కి మార్చబోతే కెర్నల్ ఒప్పుకోదు, ముందు 0 రాయాలి. 0 రాస్తే ఆ పోర్టు మీది ఫంక్షన్లన్నీ పోతాయి, కాబట్టి పక్క సెక్షన్ వాళ్లు ఒకటి వాడుకుంటున్నారేమో ముందే అడగండి.

ప్రశ్న: మా డీటీపీ సెంటర్లో పెన్‌డ్రైవ్ ఎజెక్ట్ కొడితే ఎప్పుడూ ‘వాడకంలో ఉంది’ అంటుంది.
– గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ఫైల్‌ను పెన్‌డ్రైవ్ మీదనుంచే కోరల్‌డ్రాలో తెరుస్తున్నారని నా అనుమానం. డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకుని తెరవండి.