మేక్రోని ‘స్థూలం’ అనవచ్చా?

సందేహం: యానిమేషన్ నేర్చుకునేవారి కోసం తెలుగులో నోట్సు రాస్తున్నాను. మాయా సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ కళ్ళు ఎప్పుడూ ఒక గురి వైపే చూసేలా ఎయిమ్ కన్‌స్ట్రెయింట్ పెడతాం. ఆ ఆదేశాలను స్క్రిప్ట్ ఎడిటర్‌లోంచి షెల్ఫ్ (బటన్లు పేర్చుకునే పట్టీ) మీదికి లాగి బటన్ చేసుకుంటే మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. ఈ మేక్రోని ‘స్థూలం’ అనీ, కన్‌స్ట్రెయింట్‌ని ‘నిర్బంధం’ అనీ రాశాను. సరేనా?
– ఒక యానిమేటర్, హైదరాబాద్

సమాధానం: స్థూలం కుదరదండీ. గ్రీకులో ‘మక్రోస్’ అంటే పొడవైనది, పెద్దది. ఆర్థికశాస్త్రంలో స్థూలం నప్పుతుంది. మీ మేక్రోలో చూడాల్సింది పరిమాణం కాదు, ఒక్క పిలుపుకి చాలా ఆదేశాలు కదలడం. నిఘంటువు తెరిచి మొదటి అర్థం దించేసే అలవాటు ఈమధ్య మరీ ఎక్కువైంది. మాట ఏం పని చేస్తోందో ముందు చూడాలి.

ఒక్క మాటలో చాలావాటిని ఇమిడ్చే ఆ పని మనకి కొత్త కాదు. ‘అచ్చు’నే తీసుకోండి. పాణిని సంస్కృత వ్యాకరణానికి ఆధారంగా అక్షరాల్ని వరసపెట్టి చెప్పే 14 మాహేశ్వర సూత్రాల్లో మొదటిది అఇఉణ్, నాలుగోది ఐఔచ్. మొదటిదాంట్లోని అకారాన్నీ, నాలుగోదాని చివరి చకారాన్నీ కలిపితే ‘అచ్’. సూత్రాల చివరి పొల్లులు గుర్తులు మాత్రమే, అవి పోగా అకారం మొదలుకొని 9 అక్షరాలూ అందులో ఇమిడిపోయాయి. హల్లూ అంతే: హయవరట్‌లోని హకారం, ఆఖరి సూత్రం చివరి లకారం. వీటిని ప్రత్యాహారాలంటారు. చిన్నయసూరి ‘ఉత్తున కచ్చు పరంబగునపుడు సంధి యగు’ అని అంత పొట్టిగా చెప్పగలిగింది దీనివల్లే. లేకుంటే ప్రతి సూత్రంలోనూ అక్షరాలన్నీ ఏకరువు పెట్టాల్సివచ్చేది. బడిలో చేరగానే పిల్లలు పలికే మాటలో ఇంత పనితనం ఉందని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

అచ్చుబెల్లంలోని అచ్చు వేరే మాట, మూస అని అర్థం. మీ బటన్‌కి ఇదే దగ్గరనిపిస్తోంది. అక్షరాల జాబితా మారిస్తే ‘అచ్’ అన్న ప్రతిచోటా అర్థం మారిపోతుంది. మీ బటన్‌లో ఆదేశం దిద్దితే ఇకముందు పెట్టేవి మారతాయి గానీ, ఇదివరకు పెట్టిన కన్‌స్ట్రెయింట్లు అలాగే ఉంటాయి. బెల్లం అచ్చు మార్చినా పాత దిమ్మ మారదు కదా! అందుకని ‘ఆదేశాల అచ్చు’ అని రాసి, మొదటిసారి పక్కన మేక్రో అని ఇవ్వండి. బటన్లు పెరిగాక తికమక పడకుండా ‘అచ్చు 1’, ‘అచ్చు 2’ అనే బదులు ‘చూపు అచ్చు’, ‘పాదం అచ్చు’ అని పనిని బట్టి పేర్లు పెట్టించండి. స్టూడియోలో నోటిమాటగా మేక్రో అంటే నేను తప్పు పట్టను.

నిర్బంధంలో బలవంతం ఉంది, ‘కట్టు’ చాలు. అయితే కళ్ళకి కట్టు అంటే గంతలని తోస్తుంది, అక్కడ మాత్రం ‘గురికట్టు’ అని రాయండి.