అసిటోన్‌లో యూరోపియం ఎరుపు ఎందుకు ఆరిపోయింది: పరిశోధక విద్యార్థినికి ఒక లేఖ

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

యూరోపియం లోహంతో, టెరెఫ్తాలిక్ ఆమ్లంతో నువ్వు కట్టిన లోహ-కర్బన చట్రం (లోహ అయాన్లను కర్బన అణువులు జాలంలా కలిపిన పదార్థం) డీఎంఎఫ్ అనే ద్రావణిలో ఎర్రగా వెలిగి, నీళ్లలో మసకబారి, అసిటోన్‌లో దాదాపు ఆరిపోయిందని కడప నుంచి రాశావు. అసిటోన్‌ను పసిగట్టే పదార్థం దొరికిందని అప్పుడే వ్యాసం మొదలుపెట్టవద్దమ్మా. నీళ్లు చేసే పని వేరు, అసిటోన్ చేసే పని వేరు.

యూరోపియం వెలుగునిచ్చే స్థాయికీ దాని కింది స్థాయికీ మధ్య శక్తి తేడా, వర్ణపటాల లెక్కలో చెప్తే, సెంటీమీటరుకు సుమారు 12,000 తరంగాలు. నీటిలోని ఓ-హెచ్ బంధపు కంపనం అదే లెక్కలో దాదాపు 3,400 కాబట్టి, నీటి అణువు లోహాన్ని నేరుగా పట్టుకుంటే మూడు నాలుగు కంపనాల్లోనే ఆ శక్తి వేడిగా జారిపోతుంది. హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉండే భారజలంలో ఓ-డి కంపనం 2,500 మాత్రమే కనుక వెలుగు ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే తీవ్రతతో సరిపెట్టుకోక, నీటిలోనూ భారజలంలోనూ వెలుగు ఆయుష్షు (అది ఎంతసేపు నిలుస్తుందో) కొలువు; ఆ రెండు ఆయుష్షుల తేడా నుంచి, లోహాన్ని అంటిపెట్టుకున్న నీటి అణువులెన్నో హోరాక్స్ సూత్రం లెక్కగట్టి ఇస్తుంది. చట్రంలోని నీరంతా మారేదాకా భారజలంలో నాననివ్వు.

అసిటోన్ సంగతి అలా కాదు. అది 330 నానోమీటర్ల లోపు కాంతిని తానే పీల్చుకుంటుంది; నువ్వు 300 దగ్గర ఉత్తేజపరిస్తే, కాంతిని పట్టి యూరోపియానికి అందించే యాంటెనాలా పనిచేసే లిగాండ్‌కు (లోహాన్ని పట్టుకున్న టెరెఫ్తాలిక్ భాగానికి) అందేది కొంచెమే. అసిటోన్ శోషణ వర్ణపటాన్నీ నీ చట్రపు ఉత్తేజ వర్ణపటాన్నీ ఒకే కాగితం మీద గీసి చూడు. తర్వాత పొడిని ఆరబెట్టి మళ్లీ కొలువు. వెలుగు తిరిగి రాకపోతే ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటిక నిర్మాణాన్ని చూపే ఎక్స్-కిరణాల పరీక్షలో) చట్రం చెదిరిందేమో చూడాలి.

మన ఎండల్లో మూత లేని క్యూవెట్‌లో (కాంతి కొలతకు వాడే చిన్న గాజు పాత్రలో) అసిటోన్ చూస్తుండగానే తగ్గిపోతుంది, పొడి అడుగుకు చేరుతుంది. మూత బిగించి, ప్రతి కొలతకు ముందూ సోనికేట్ చేసి (అతిధ్వని తరంగాలతో పొడిని కలిపి), ఒకే వ్యవధి తర్వాత చదువు. యూరోపియం ఉద్గారంలో 615 నానోమీటర్ల శిఖరాన్ని 590 దానితో భాగించి వచ్చే నిష్పత్తిని కూడా రాసుకో. 590 శిఖరం పరిసరాలకు పెద్దగా లొంగదు, పొడి కూరుకుపోయినా నిష్పత్తి మారదు.

నేను ఒకప్పుడు 308 దగ్గర ఉత్తేజపరిచి, 616 దగ్గర కనిపించిన శిఖరాన్ని యూరోపియందేనని నమ్మి రెండు వారాలు లెక్కలు కట్టాను. అది పరికరంలో రెండో క్రమంలో, అంటే రెట్టింపు తరంగదైర్ఘ్యం దగ్గర ఉన్నట్టు కనిపించేలా, చిందిన ఉత్తేజ కాంతే. ఉద్గారం వైపు 400 దిగువ కాంతిని ఆపే ఫిల్టర్ తప్పక పెట్టు.

మూడు ద్రావణుల ఎక్స్‌ఆర్‌డీ గీతలూ, ఆయుష్షు కొలతలూ నాకు పంపు. అవి చూశాకే టెర్బియం చట్రం మొదలుపెడుదువుగాని.

ఇట్లు,
నీ పెదనాన్న